గుడివాడలో క్రాసింగ్

ఉయ్యూరు, 2006 ఆగస్టు. మధ్యాహ్నం మూడు దాటింది. షుగర్ ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా చేసి రిటైరైన హనుమయ్య ఇంటి ముందు గది. విజయవాడ నుంచి బస్సులో వచ్చిన ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. ఆవిడ ఎవరో ఆయనకింకా అర్థం కాలేదు.

“కిటికీ పక్కన కూర్చున్నది నేనేనండి.”

“ఏ కిటికీ అమ్మా? పాట గురించి వచ్చానన్నావు.”

“పాట గురించేనండి. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా నరసాపురం పోయే పాసింజర్లో. తొంభై ఒకటి, మార్చి నెల. పోయిన ఆదివారం రేడియోలో చెప్పారు కదండీ, ఆ పాట ఎలా పుట్టిందో. మీ ఎదురుగా ఒక కొత్త జంట కూర్చున్నారని. ఆ అమ్మాయిని నేను.”

“నువ్వా.”

“నేనేనండి. నా పేరు ఫౌజియా. ఆయన పేరు లక్ష్మీకాంత్. అప్పుడు మీరు పేర్లు అడగలేదు.”

“అడగలేదు. అడగలేదమ్మా. ఉండు, ఒక్క నిమిషం ఉండు. సంపూర్ణా. సంపూర్ణా, ఇటు రా. ఎవరొచ్చారో చూడు.”

“ఎవరండీ? చేతులు పిండిగా ఉన్నాయి.”

“మన పాటలో అమ్మాయి. ‘ఇక్కడే దిగుదామా’ పాటలో అమ్మాయి. రైల్లో నేను చూసిన పిల్ల. పదిహేనేళ్ళకి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.”

“అయ్యో, కూర్చోమ్మా, లేవకు. నిజంగానే ఉన్నారా మీరు? ఈయన కల్పించి రాశారనుకునేదాన్ని నేను. ఒక్కదానివే వచ్చావేం? మీ ఆయన్ని తీసుకురాలేదా?”

“ఒక్కదాన్నే వచ్చానండి.”

“పనిలో ఉండుంటాడులే. పిల్లలెంతమంది?”

“లేరండి.”

“పోన్లేమ్మా. మాకూ పదేళ్ళకి గానీ పుట్టలేదు. ఇదిగో, ఒక మాట. వచ్చే ఆదివారం విజయవాడలో ఈయనకి సన్మానం. రేడియోలో పాటలు రాయడం మొదలుపెట్టి ముప్ఫయ్యేళ్ళయిందని. ఆ పాటే పాడిస్తారట, ఆడపిల్లలు పదిమంది నిలబడి.”

“అదే చెప్పబోతున్నాను. మీరిద్దరూ రావాలమ్మా. ముందు వరసలో కూర్చోవాలి. నేనే స్టేజి మీదికి పిలిపిస్తాను. ఇదిగో వీళ్ళే, నా పాటలో వాళ్ళు అని చూపిస్తాను. ఏ కవికి దొరుకుతుంది అలాంటి అదృష్టం.”

“ఆ రోజు రేడియోలో నేను సగమే విన్నానండి. షాపులో కరెంటు పోయింది. మొదటినుంచీ మళ్ళీ చెప్తారా?”

“ఇప్పుడా? నీకు తెలియందేముందమ్మా. అందులో ఉన్నదే నువ్వు.”

“మీరెలా చెప్తారో విందామనండి.”

“చెప్పండి, మీకేం కష్టం. ఎవరడిగినా చెబుతూనే ఉంటారుగా. నేను కాఫీ కలుపుకొస్తాను. వంటింట్లోకి వినపడుతుందిలే.”

“సరే. ఆ రోజు రేడియో స్టేషన్లో పని చూసుకుని భీమవరం బయల్దేరాను. మా తోడల్లుడి గృహప్రవేశం మర్నాడు. ఎండ అప్పుడే ముదురుతోంది. పెట్టెలో పెద్దగా జనం లేరు. రామవరప్పాడు దాటాక చూశాను మిమ్మల్ని. నువ్వు నా ఎదురు బల్ల మీద కిటికీ దగ్గర. నీ పక్కన ఆ అబ్బాయి. ఇద్దరికీ కలిపి ఒకటే సంచి. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు, అయినా మాటలు ఆగడం లేదు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను గానీ ఒక్క ముక్క చదివితే ఒట్టు.”

“విన్నారన్నమాట.”

“విన్నాను. తప్పే. రాసేవాడి చెవులు ఊరుకోవమ్మా. ఎక్కడో స్నేహితుడు గది చూసి పెట్టాడని చెబుతున్నాడు ఆ అబ్బాయి. భీమవరంలోనో, ఎక్కడో.”

“పాలకొల్లులోనండి. రొయ్యల మేత అమ్మే కొట్లో పని కూడా చూశాడన్నాడు.”

“ఆఁ, పాలకొల్లు. ఆ గదిలోకి ఏమేం కావాలో నువ్వు వేళ్ళు ముడుస్తూ చెబుతున్నావు. కిరసనాయిలు స్టవ్వు. రెండు కంచాలు. ఒక బిందె. ఒక చాప. అన్నీ అయ్యాక, గోడకి ఒక మేకు అన్నావు. మేకెందుకన్నాడు. నీ చొక్కా తగిలించుకోవడానికి అన్నావు. నేను పేపరు దించేశాను. మా పెళ్ళై అప్పటికి ఇరవయ్యేళ్ళు. ఈ ఇల్లు కట్టి నాలుగేళ్ళు. ఏ గోడ చూసినా మేకులే. ఒక్క మేకు గురించైనా నేనెప్పుడూ అనుకున్నది లేదు.”

“ఎందుకనుకుంటారు. అవన్నీ కొట్టించింది నేను.”

“విన్నావా, వంటింట్లోంచి. సరే. అలా మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ ఉన్నారు. ఇందుపల్లి వచ్చింది, వెంట్రప్రగడ వచ్చింది. పొలాలన్నీ కోసేసి మినుము కూడా పీకేశారు. చూడ్డానికేం లేదు బయట. నువ్వు మాత్రం ఏ చిన్న స్టేషను వచ్చినా, ఇక్కడ దిగినా బాగానే ఉంటుంది కదా అనేదానివి.”

“అలా అన్నానా?”

“అన్నావమ్మా. అదే నా పల్లవి. అది నువ్విచ్చిందే.”

“గుర్తు లేదండి. మేకు మాట గుర్తుంది. తరవాతండీ?”

“తరవాతేముంది. గుడివాడ వచ్చింది. కాసేపు ఆగింది. పోయింది. కైకలూరులో అనుకుంటా, జామకాయలు కొన్నాను, మీకూ ఇచ్చాను. భీమవరంలో నేను దిగిపోయాను. మీరిద్దరూ కిటికీలోంచి చెయ్యూపారు. బండి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ నిలబడ్డ చోటే పల్లవి వచ్చింది.

ఏ ఊరైతేనేమిలే, ఇక్కడే దిగుదామా,
ఎవరూ లేకుంటేనేం, ఇల్లొకటి చేద్దామా,
గోడకొక్క మేకుంటే నీ చొక్కా తగిలిస్తా,
మేకు చాలకున్ననాడు నా చెయ్యే చాపేస్తా.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో పాడుతున్నారమ్మా. అప్పగింతలప్పుడు పాడించుకుంటున్నారు.”

“ఇద్దరం ఊపామాండీ?”

“ఏంటమ్మా?”

“చెయ్యి. ఇద్దరం ఊపామన్నారు.”

“ఊపినట్టే గుర్తు. పదిహేనేళ్ళ మాట కదా. ఒకటీ అరా అటూ ఇటూ అవుతుంది.”

“ఆయన గుడివాడలో దిగిపోయాడండి.”

“ఏంటి, ఏమంది? ఏమండీ, ఏమంటోంది ఆ అమ్మాయి?”

“నువ్వుండు సంపూర్ణా. కాఫీ చూసుకో.”

“పొయ్యి కట్టేశాను. ఏమన్నావమ్మా?”

“గుడివాడలో దిగాడండి. మళ్ళీ ఎక్కలేదు. నేనొక్కదాన్నే వెళ్ళాను.”

“ఎక్కడికి వెళ్ళావు?”

“పాలకొల్లులో గది ఏ వీధిలోనో నాకు తెలీదు. స్నేహితుడి పేరు కూడా తెలీదు. అందుకని అక్కడ దిగలేదు. బండి నరసాపురంలో ఆగిపోయింది. ఇంక ముందుకు పోదన్నారు. అక్కడ దిగాను.”

“ఒక్కదానివే? అయ్యో. మీ పుట్టింటికి వెళ్ళిపోవాల్సింది కదమ్మా.”

“టైపు పరీక్షకి వెళ్తున్నానని చెప్పి వచ్చానండి ఇంట్లో. సాయంత్రానికి ఇల్లు చేరి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నరసాపురం చేరేసరికే పొద్దు వాలింది. అప్పటికే ఇంట్లోవాళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి అడిగారంట. రెండు రోజులు ప్లాట్‌ఫాం మీదే ఉన్నాను. శౌరమ్మ అని, లేసు అల్లించి అమ్మేది, సరుకు పార్సిల్ వేయడానికి స్టేషనుకొచ్చేది. నన్ను చూసి, వేళ్ళు చూపించమంది. సన్నగా ఉన్నాయి, పనికొస్తాయి, రా అంది. నాలుగేళ్ళు అల్లాను ఆవిడింట్లో.”

“కాఫీ తీసుకో. తాగు. తాగుతూ చెప్పు.”

“అక్కడ పెట్టండి. తాగుతాను. శౌరమ్మ ఇంట్లోనే విన్నాను మొదటిసారి పాట. తొంభై రెండులో. పొద్దున్నే రేడియో పెట్టేది.”

“విన్నావా. విన్నప్పుడు నీకు, అంటే, నీకేమనిపించిందమ్మా?”

“ఏమీ అనిపించలేదండి. దారం తెగింది. ముడేసుకున్నాను. శౌరమ్మ బాగుందే పాట అంది. బాగుందన్నాను. మేకు దగ్గర మాత్రం, ఈ మాట ఎక్కడో విన్నానే అనుకున్నాను. నాది అని తట్టడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.”

“తరవాత విజయవాడ ఎప్పుడొచ్చావు?”

“తొంభై అయిదులో. గుణదలలో గది తీసుకున్నాను. కోర్టు దగ్గర జాబ్ టైపింగ్ షాపులో చేరాను. అప్పుడు మిషన్లు, ఇప్పుడు కంప్యూటర్లు. అందరివీ దస్తావేజులు కొడుతుంటాను.”

“మీ అమ్మా నాన్నా?”

“అమ్మ లేదు. నాన్న బీసెంట్ రోడ్డు దగ్గర టైలరు. వచ్చిన కొత్తలో ఒకసారి వెళ్ళాను కొట్టుకి. ఎవరికో కొలతలు తీసుకుంటున్నాడు. తలెత్తి చూశాడు. మళ్ళీ టేపు పట్టుకుని, చెయ్యి ముప్ఫై నాలుగు అని కుర్రాడికి చెప్పాడు. చెయ్యి ముప్ఫై నాలుగు ఉండదు కదండీ ఎవరికీ. ఛాతీ కొలత అది. అది చూసి వచ్చేశాను.”

“ఏమండీ, మీరు మాట్లాడరేం? రైల్లో మీరే కదా ఉన్నది. ఆ అబ్బాయి దిగిపోతే మీకు తెలీకపోవడమేంటి?”

“తెలీకపోవడం కాదు సంపూర్ణా. గుర్తుండాలి కదా. ఎంతకాలమైంది.”

“మర్చిపోతారా? జామకాయలు గుర్తున్నాయి, వెంట్రప్రగడ గుర్తుంది.”

“ఆయన వచ్చాడండి.”

“ఎవరమ్మా?”

“లక్ష్మీకాంత్. మొన్న మంగళవారం షాపుకి వచ్చాడు. ఆదివారం రేడియోలో మీరు చెప్పింది విన్నాడంట. ఇన్‌స్టిట్యూట్ మాస్టారి కొడుకుని అడిగి నా షాపు పట్టుకున్నాడు. ఇబ్రహీంపట్నంలో ఉంటున్నాడు, థర్మల్ స్టేషన్లో ఏదో కాంట్రాక్టు. పెళ్ళయింది. భార్య పోయి రెండేళ్ళయిందంట. పదేళ్ళ పాప ఉంది. ఫొటో చూపించాడు.”

“ఏం మొహం పెట్టుకుని వచ్చాడు?”

“మామూలుగానే వచ్చాడండి. కొంచెం లావయ్యాడు. కుర్చీ వేశాను.”

“ఏమన్నాడు?”

“గుడివాడలో నీళ్ళకి దిగానన్నాడు. పంపు చివరెక్కడో ఉందంట, అక్కడ జనం ఉన్నారంట. బండి కదిలిందంట. పరిగెత్తానన్నాడు. అందలేదన్నాడు. తరవాతి బండికి పాలకొల్లు వెళ్ళి వారం రోజులు వెతికానన్నాడు. నువ్వు ఇంటికి వెళ్ళిపోయి ఉంటావనుకుని ఊరుకున్నానన్నాడు. ఏడ్చాడు. షాపులో వాళ్ళంతా చూస్తున్నారు.”

“ఊఁ.”

“ఆ పెద్దాయన మనం ఎక్కడో ఇల్లు పెట్టుకుని ఉన్నామనే నమ్ముతున్నాడు ఫౌజీ, ఆయన మాట నిజం చేద్దాం అన్నాడు. ఆదివారం చెప్తానన్నాను.”

“ఏ ఆదివారం?”

“ఎల్లుండండి.”

“నీకేమనిపిస్తోందమ్మా? నీ మనసులో ఏముంది?”

“ఏమీ లేదండీ. అదే చూస్తున్నాను. వద్దనాలంటే కోపం రావాలి కదండీ. రావడం లేదు. ఇష్టమైతే సంతోషం ఉండాలి. అదీ లేదు. పొద్దున్నే లేస్తున్నాను, వండుకుంటున్నాను, షాపుకి వెళ్తున్నాను.”

“పదిహేనేళ్ళు నిన్ను గాలికి వదిలేసినవాడి మీద కోపం రాకపోవడమేంటమ్మా?”

“అతను పోయేటప్పుడు... ఏమోనండి. రాలేదు. ఎప్పుడూ రాలేదు. అందుకే ఈయన దగ్గరికి వచ్చాను. చూసినవాళ్ళు మీరొక్కరే కదండీ. ఆ రోజు గుడివాడలో ఏం జరిగిందండీ?”

“గుడివాడలోనా?”

“అవునండి.”

“జరిగేదేముందమ్మా. అతను చెప్పిందే. నీళ్ళకి దిగాడు. సీసా పట్టుకుని దిగాడు. ఎండాకాలం, అందరూ పంపు దగ్గరే. బండి కదిలింది. పరిగెత్తాడు. నేను చూశాను పరిగెత్తడం. అందలేదు. పాపం, అందలేదు.”

“పరిగెత్తాడాండీ?”

“పరిగెత్తాడు.”

“అయితే ఆ అబ్బాయి తప్పేం లేదన్నమాట. అయ్యో, బండి తప్పిపోయి ఎంతపని జరిగింది. చూడమ్మా, నా మాట విను. ఆ పాపకీ తల్లి లేదు. నీకూ ఎవరూ లేరు. ఎంతకాలమని ఒక్కదానివే గుణదలలో. ఒప్పేసుకో. నేను ముందే చెబుతున్నాను, సన్మానానికి ముగ్గురూ కలిసి రావాలి.”

“సీసా నా దగ్గరే ఉందండి.”

“ఏంటమ్మా?”

“నీళ్ళ సీసా. నా ఒళ్ళో ఉంది. సగానికి పైగా నీళ్ళున్నాయి. నరసాపురంలో కూడా ఉన్నాయి.”

“అయితే వేరే ఏదో పట్టుకెళ్ళి ఉంటాడు. చెంబో, గ్లాసో.”

“మా దగ్గర ఒకటే సంచి ఉందన్నారు కదండీ మీరే. అందులో నా బట్టలు రెండు జతలు, ఆయన చొక్కాలు, నా టైపు హాల్ టికెట్టు. అంతే.”

“నాకు సరిగ్గా గుర్తు లేదమ్మా. నన్ను అలా గుచ్చి గుచ్చి అడిగితే ఎలా. నాకు అరవై నాలుగు.”

“ఇంకొకటి కూడా ఉందండి. గుడివాడ దాటి బండి కొంచెం దూరం పోయింది. మోటూరు రాలేదింకా. మీరు నావైపు వంగి, వేరే పెట్టెలో ఎక్కుంటాడులేమ్మా, వచ్చేస్తాడు అన్నారు.”

“అన్నాను. నీకు ధైర్యం చెప్పడానికి. నువ్వు కంగారు పడుతున్నావని.”

“నేనేం అడగలేదండి అప్పటికి. ఆయన ఏడీ అని నేను అడగలేదు. కంగారు కూడా పడలేదు. నేను నోరు తెరవకముందే మీరన్నారు.”

“సంపూర్ణా, నువ్వు కాస్త లోపలికెళ్ళు.”

“వెళ్ళను.”

“నీకెందుకు ఇదంతా? వెళ్ళు.”

“పదిహేనేళ్ళ నుంచి ఆ పాట వినిపించి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ కథ చెప్పించి, కాఫీలు ఇచ్చింది నేను. చెప్పండి. ఇక్కడే కూర్చుంటాను.”

“ఏం చెప్పమంటావు.”

“ఆ అమ్మాయి అడిగింది చెప్పండి.”

“ఆ రోజు గుడివాడలో క్రాసింగ్ పడింది. అప్పుడు ఒకటే లైను కదా. అటునుంచి విజయవాడ పోయే బండి వస్తే గానీ మాది కదలదు. అది వచ్చి మా ప్లాట్‌ఫాంకే రెండో వైపు ఆగింది. ఇటు మా బండి, అటు ఆ బండి, మధ్యలో పది పదిహేను అడుగులు. ఈ అమ్మాయి కిటికీ ఊచలకి తల ఆనించుకుని ఉంది. నిద్ర పట్టిందనుకున్నాను. పొద్దుటి నుంచీ మాట్లాడి మాట్లాడి అలిసిపోయింది. ఆ అబ్బాయి లేచాడు. ఒంటికి వెళ్తున్నాడేమో అనుకున్నాను. దిగాడు. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. పంపు వైపు పోలేదు. టీ కొట్టు వైపు పోలేదు. ఆ పదడుగులూ నడిచి ఆ బండి ఎక్కేశాడు.”

“విజయవాడ బండి?”

“విజయవాడ బండే. పరిగెత్తలేదు సంపూర్ణా. మెల్లగా నడిచాడు. బజారుకెళ్ళేవాడిలా నడిచాడు.”

“మీరేం చేశారు?”

“నేను చూస్తూ కూర్చున్నాను.”

“పిలవొచ్చు కదా.”

“పిలవొచ్చు.”

“ఈ అమ్మాయినైనా లేపొచ్చు కదండీ.”

“లేపొచ్చు. ఆ బండే ముందు కదిలింది. మాది ఇంకా ఏడెనిమిది నిమిషాలు ఆగి ఉంది. అప్పుడు చెప్పినా నువ్వు గుడివాడలో దిగి, ఏ బస్సో పట్టుకుని సాయంత్రానికి మీ నాన్న దగ్గర ఉండేదానివమ్మా. ఎవరికీ తెలిసేది కాదన్నావే ఇందాక. నెత్తి మీద బండి ఆపే చైను వేలాడుతోంది. కైకలూరు దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆకివీడు దాకా చూశాను. గంటన్నర. ఆ గంటన్నరలో ఎప్పుడు నోరు విప్పినా సరిపోయేది.”

“ఎందుకు విప్పలేదండీ?”

“భయమమ్మా. చెబితే నువ్వు ఏడుస్తావు, ఆ ఏడుపు నా ఎదురుగా ఏడుస్తావు, పెట్టెలో వాళ్ళంతా నన్ను అడుగుతారు, నువ్వు చూస్తూ ఎందుకూరుకున్నావని. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి ఊరుకున్నాను. జామకాయలు కొనిచ్చాను. భీమవరంలో దిగేటప్పుడు నీవైపు చూడలేదు. చెయ్యూపడాలూ లేవు, నిలబడడాలూ లేవు. తోడల్లుడి ఇంట్లో మర్నాడు పాలు పొంగిస్తుంటే నాకు అన్నం సయించలేదు. ఇంటికొచ్చాక ఆ నెలలోనే రాశాను. మీ ఇద్దరికీ ఒక ఇల్లు పెట్టేస్తే, కాలవ పక్కన, మందార చెట్టుతో సహా పెట్టేస్తే, నువ్వు అందులో ఉన్నావని అనుకోవచ్చు. నాలుగు చరణాలు రాసేసరికి నేనే నమ్మాను. రేడియోలో చెప్పేటప్పుడు కూడా నమ్మే చెప్పానమ్మా. అబద్ధమని గుర్తు రాలేదు.”

“నాకెప్పుడూ చెప్పలేదే మీరు.”

“నీకెలా చెప్పను. నువ్వు ఆ పాట మనవడికి జోలగా పాడావు.”

“వీడు మళ్ళీ వచ్చి నీళ్ళకి దిగానంటున్నాడా. అమ్మాయ్, వినమ్మా. వాణ్ణి గడప తొక్కనివ్వకు. ఇందాక తెలీక ఒప్పుకోమన్నాను.”

“ఆయన ఇటువైపు చూడలేదాండీ? బండెక్కాక.”

“చూశాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. మెడలో తువ్వాలు లాంటిదేదో ఉంది, తీసి చేతికి చుట్టుకున్నాడు. ముందు నీవైపు చూశాడు. నువ్వు పడుకున్నావో లేదో చూసుకున్నాడనుకుంటా. తరవాత నన్ను చూశాడు. నేను చూస్తున్నానని అప్పుడు తెలిసింది వాడికి. మొహం తెల్లబోయింది. వేలు పెదాల మీద పెట్టుకున్నాడు, చెప్పొద్దని. తరవాత రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. బండి కదిలినా దించలేదు.”

“మీకా?”

“నాకేనమ్మా.”

“మీకేనాండీ పెట్టింది?”

“ఇంకెవరికి పెడతాడు. నా కళ్ళలోకి చూస్తూ పెట్టాడు. చెప్పొద్దని బతిమాలాడు. నేను తల ఊపాను. ఊపానమ్మా, అది కూడా చెప్పేస్తున్నాను. క్షమించమని అడిగే మొహం లేదు నాకు. వచ్చే ఆదివారం ఆ సన్మానం వద్దని కబురు చేస్తాను. కానీ ఇప్పటికైనా వాడు చెప్పేది అబద్ధమని నీకు తెలిసింది.”

“అది నాకు తెలుసండి.”

“తెలుసా?”

“నేను నిద్రపోలేదండి. ఆయన దణ్ణం పెడుతుంటే చూశాను. వదిలెయ్యమని అడుగుతున్నాడు కదా, పోనీ అని అప్పుడు కళ్ళు మూసుకున్నాను. నాకు పెట్టాడనుకున్నాను.”